నాన్న బండిలో పదిహేనో పన్ను

విశాఖపట్నంలోని గోపాలపట్నం నుంచి 29 ఏళ్ల పాఠకుడొకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను.

వాళ్లింట్లో నాన్నగారు 1993లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 ఉంది. ఆయన ఉద్యోగ విరమణ చేశారు. నెలకు రెండు మూడుసార్లు భార్యను వెనుక కూర్చోబెట్టుకుని, ఘాట్ రోడ్డు ఎక్కి సింహాద్రి అప్పన్న దర్శనం చేసుకురావడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. మిగతా రోజుల్లో బండి కొడుకుది. ఈయన పరవాడలో మందుల కంపెనీలో పనిచేస్తారు. గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం మీదుగా రానూపోనూ రోజుకు 55 కిలోమీటర్లు. కంపెనీ బస్సు ఎన్ఏడీ కూడలి దాకా వస్తుంది కానీ, దాని వేళలు అన్ని షిఫ్టులకూ కుదరవట.

ఎనిమిది నెలల కిందట చైన్ సెట్టు అరిగిపోతే కొత్తది వేయించారు. హైవే మీద ఇంజన్ మోత తగ్గాలంటే ముందు స్ప్రాకెట్‌కు, అంటే చైన్ తిరిగే పళ్ల చక్రానికి, ఒక పన్ను పెంచుదామని మెకానిక్ అన్నాడు. సరేనన్నారు. 14 పళ్లది తీసి 15 పళ్లది పెట్టారు. వెనుకది ఎప్పటిలాగే 39. బండి 60లో హాయిగా పోతోందని సంతోషపడ్డారు. నాన్నగారికి చెప్పలేదు. "చెప్పేంత పెద్ద విషయం అనుకోలేదు" అని రాశారు.

గత నెల ఘాట్ రోడ్డు మలుపులో బండి ఆగిపోయింది. అమ్మగారు దిగి కొంత దూరం నడవాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక నాన్నగారు తాళంచెవి గోడకున్న మేకుకు తగిలించి, "బండికీ నాకూ వయసైపోయింది, ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నారు. ఆ తర్వాత మళ్లీ ముట్టుకోలేదు. ఈలోగా చైన్ సడలి, టకటక చప్పుడు చేస్తోంది. వెనక్కి లాగి బిగించడానికి ఇంకా చోటు లేదు. కొత్త సెట్టు తప్పదు. మెకానిక్ ఈసారి వెనుక 36 కూడా వేద్దామంటున్నాడు. ఓ స్నేహితుడు ముందు 13 పెట్టమంటున్నాడు. ఏది వేయించాలి, నాన్నకు ఏమని చెప్పాలి అన్నది ప్రశ్న.

ముందుగా మేకుకు తగిలించిన ఆ తాళంచెవి గురించి. ఒక పెద్దాయన తన ఒంట్లో సత్తువ తగ్గిందనుకుని ఇష్టమైన బండిని వదిలేశారు. బండి లాగుడు తగ్గించింది మీరని ఆయనకు తెలియదు, మీకు తెలుసు. ఈ పరిస్థితి ఎక్కువ రోజులు సాగనివ్వకండి. అలాగని తప్పంతా ఆ ఒక్క పన్ను మీద వేసుకుని కుంగిపోవడమూ సరికాదు. లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

వెనుక పళ్లను ముందు పళ్లతో భాగించండి. 39ని 14తో భాగిస్తే 2.79 వస్తుంది. వెనుక చక్రం ఒక చుట్టు తిరగాలంటే ముందు స్ప్రాకెట్ 2.79 చుట్లు తిరగాలని దీని అర్థం. 15 పెట్టాక ఆ సంఖ్య 2.6కు దిగింది. సంఖ్య దిగితే ఇంజన్ తక్కువ తిరిగి బండి ఎక్కువ దూరం పోతుంది. చక్రం దగ్గర లాగే బలం అదే మేరకు తగ్గుతుంది. మీ బండిలో ఆ తగ్గుదల దాదాపు 7 శాతం. హైవే మీద మీకు దక్కిన సుఖమూ అంతే. ఇంతకుముందు 56 దగ్గర ఇంజన్ ఎలా తిరిగేదో, ఇప్పుడు 60 దగ్గర అలా తిరుగుతోంది.

ఈ 7 శాతం కొండ మీద ఎంత బరువో చూడండి. బండి పెట్రోలుతో కలిపి నూరు కిలోల పైచిలుకు. అమ్మానాన్నలిద్దరూ కలిసి 130 అనుకుందాం. మొత్తం 230 దాటింది. ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు 7 శాతం తగ్గడమంటే, పాత స్ప్రాకెట్ మీదే మరో 16 కిలోల బియ్యం మూట పెట్టుకుని ఎక్కినట్టు. ఎనిమిది నెలలుగా మీ నాన్నగారు ఆ మూటను మోస్తూనే కొండెక్కారు. మీటరు చూసి కనిపెట్టే వీలు కూడా ఆయనకు లేదు. మీ బండికి స్పీడోమీటర్ తీగ ముందు చక్రం నుంచి వస్తుంది, స్ప్రాకెట్లు ఏవి మార్చినా అది చూపే వేగం మారదు.

పైగా ఇది టూ స్ట్రోక్ ఇంజన్. 11 హార్స్‌పవర్ నిమిషానికి 7500 చుట్ల దగ్గర, గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 6500 దగ్గర ఇస్తుంది. బలమంతా పైనే ఉంటుంది, కింద పలచన. మలుపులో వేగం పడిపోయి, రెండో గేరులో ఇంజన్ ఆ పట్టు నుంచి కిందికి జారిందంటే మళ్లీ కోలుకోవడం కష్టం. ఫలానా మలుపుకు రెండో గేరు చాలు, ఫలానా చోట ముందే మొదటిది వేయాలి అని ముప్పై ఏళ్లుగా మీ నాన్నగారి చేతికి, కాలికి ఒక లెక్క కుదిరి ఉంది. ఆయనకు తెలియకుండా మీరు ఆ లెక్క మార్చారు. నాకు బాధ కలిగించింది ఇదే.

అయితే 16 కిలోల అదనపు బరువుకే ఆర్‌ఎక్స్ 100 మొదటి గేరులో కూడా ఆగిపోదు. ఇంకేదో తోడై ఉండాలి. అదేమిటో తేల్చకుండా ఎన్ని పళ్లు మార్చినా మళ్లీ అదే మలుపులో ఆగుతుంది.

నాకు మొదటి అనుమానం వెనుక బ్రేకు మీద. చైన్ సడలినప్పుడల్లా వెనుక చక్రాన్ని వెనక్కి లాగి బిగించారు కదా. చక్రం వెనక్కి వెళ్తే బ్రేకు రాడ్ (పెడల్ నుంచి చక్రం దాకా వెళ్లే కడ్డీ) కూడా దానంతటదే బిగుసుకుంటుంది. చైన్ బిగించిన ప్రతిసారీ ఆ రాడ్ నట్టును కాస్త వదులు చేయాలి. హడావిడిలో చాలామంది మరిచిపోతారు. బండిని సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనుక చక్రాన్ని చేత్తో తిప్పండి. బ్రేకు పట్టేసిన చక్రం సరసరమంటూ తొందరగా ఆగిపోతుంది. లేదా బ్రేకు పెద్దగా వాడకుండా రెండు కిలోమీటర్లు నడిపి, చక్రం మధ్యలోని బ్రేకు డ్రమ్ముకు దగ్గరగా చేయి పెట్టి చూడండి. వేడి కొడితే దొంగ దొరికినట్టే.

తర్వాతిది క్లచ్. ప్లేట్లు అరిగితే ఎత్తులో ఇంజన్ గట్టిగా అరుస్తుంది, బండి మాత్రం ముందుకు పోదు. మూడోది సైలెన్సర్. టూ స్ట్రోక్ ఇంజన్‌లో నూనె కూడా కాలుతుంది కాబట్టి సైలెన్సర్ లోపలి గొట్టంలో, సిలిండర్ పొగ దారిలో మసి గట్టిగా పేరుకుంటుంది. అప్పుడు ఏ గేరులోనైనా ఇంజన్ ఒక స్థాయి దాటి పైకి లేవదు, గొంతు నొక్కినట్టు బొంగురుగా మోగుతుంది. పళ్ల లెక్క ఒక్కటే తప్పయితే చప్పుడు వేరుగా ఉంటుంది. థ్రాటిల్ పూర్తిగా తిప్పినా ఇంజన్ డబడబమంటూ నీరసించి, వణికి ఆగిపోతుంది, ఒక గేరు తగ్గించగానే తేరుకుంటుంది.

మరి ఆ రోజు మలుపులో ఏ చప్పుడు వచ్చింది? అది విన్నది మీ నాన్నగారే. ముప్పై ఏళ్లుగా ఆ ఇంజన్ గొంతు ఎరిగిన మనిషి. ఆయన్ను అడగకుండా ఈ బండి రోగం తేలదు. అడగాలంటే 15 పళ్ల సంగతి చెప్పక తప్పదు. మీ రెండు ప్రశ్నలూ ఇక్కడ ఒకటే అవుతున్నాయి.

ఇప్పుడు ఏమేం వేయించవచ్చో చూద్దాం.

మళ్లీ 14, 39 వేయించడం ఒక దారి. నాన్నగారి చేతికి అలవాటైన పాత లెక్క తిరిగొస్తుంది. హైవే మీద మీకు ఆ 7 శాతం మోత మళ్లీ మొదలవుతుంది. 60 బదులు 56లో పోతే ఇప్పటి సుఖమే ఉంటుంది. మీ దారిలో ఒకవైపుకు 27 కిలోమీటర్లు. అంత దూరానికి గంటకు 4 కిలోమీటర్లు తగ్గితే పోయేది రెండు నిమిషాలు. ముప్పై ఏళ్లు దాటిన, డ్రమ్ బ్రేకుల బండిని లారీల మధ్య 60 దాటించడం నాకు ఎలాగూ ఇష్టం లేదు. ఒక జాగ్రత్త. 14, 39 అన్నవి కంపెనీ ఇచ్చినవో, ముప్పై ఏళ్లలో ఏ మెకానిక్కో మార్చినవో బండితో వచ్చిన పుస్తకం ఇంట్లో ఉంటే చూడండి. నాన్నగారు దాచే ఉంటారు.

15 అలాగే ఉంచి, బ్రేకు, క్లచ్, సైలెన్సర్ బాగుచేయించడం ఇంకో దారి. అవి సరిగ్గా ఉంటే బండి కొండెక్కుతుంది. ఎక్కువసార్లు మొదటి గేరులో ఎక్కుతుంది. నాన్నగారికి విషయం తెలిసి, సరేనంటే ఇందులో తప్పేమీ లేదు. తెలియకుండా మాత్రం వద్దు.

మెకానిక్ చెప్పిన 15, 36 నాకు నచ్చలేదు. ఆ నిష్పత్తి 2.4. మొదటి లెక్క కంటే లాగుడు 14 శాతం తగ్గిపోతుంది. కొండ సంగతి అలా ఉంచండి, సాయంత్రం ఎదురుగాలిలో హైవే మీద కూడా నాలుగో గేరు నిలబడక మాటిమాటికీ మూడుకు రావాల్సి వస్తుంది. తగ్గుతుందనుకున్న మోత అలా తిరిగొస్తుంది. బలం చాలనప్పుడు నిష్పత్తి దించినంత మాత్రాన వేగం పెరగదు. ఎప్పుడైనా శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్లే ఆలోచన ఉంటే, అక్కడ 900 మీటర్లకు పైగా ఎత్తు దాకా ఎక్కాలి. 15, 36తో ఆ ఊసే ఎత్తకండి.

స్నేహితుడు చెప్పిన 13, 39 నిష్పత్తి సరిగ్గా 3. కొండ మీద నిజంగానే బాగుంటుంది, 14తో పోలిస్తే 16 కిలోల మూట దించినట్టే. దీని ఖర్చు మీ మీద పడుతుంది. ఇప్పుడు 69 దగ్గర వినిపించే మోత అప్పుడు 60కే వినిపిస్తుంది, రోజుకు 55 కిలోమీటర్లూ ఆ చెవిపోటు భరించాలి. ముందు స్ప్రాకెట్ చిన్నదైన కొద్దీ చైన్ ప్రతి లింకు దగ్గరా ఎక్కువగా వంగుతుంది, తొందరగా అరుగుతుంది. అదే 3 కావాలంటే 14, 42 చైన్‌కు మేలు. కానీ మీ బండికి చైన్ మొత్తాన్ని కప్పే పాత ఇనుప కవర్ ఇంకా ఉందని రాశారు. 42 పళ్లది వేస్తే స్ప్రాకెట్ అంచు చుట్టూ 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కవర్‌కు తగలకుండా తిరుగుతుందో లేదో ముందే పెట్టి చూడాలి. ఆ కవర్‌ను మాత్రం తీయించకండి. మన ఊరి ఉప్పుగాలికి, గాజువాక దుమ్ముకు చైన్‌ను కాపాడేది అదే.

వీటి మధ్య చాలామంది పట్టించుకోని దారి ఒకటుంది. ముందు ఒక పన్ను మార్చితే 7 శాతం తేడా, వెనుక ఒక పన్ను మార్చితే రెండున్నర శాతమే. ముందుది పెద్ద అడుగు, వెనుకది చిన్న అడుగు. 14కు జోడీగా 40 దొరికితే పాత లెక్క కంటే కొండ మీద కొంచెం తేలిక, హైవే మీద మీకు తేడా తెలియనే తెలియదు. 41 అయితే 5 శాతం. మీ ఇంటికి 14, 39 గానీ 14, 40 గానీ సరిపోతాయని నా మనసుకు తోస్తోంది. మీ ఇద్దరిలో ఎవరి అవసరం ఎంతో నాకంటే మీకే బాగా తెలుసు.

14, 15 రెండూ కొని పెట్టుకుని, కొండకు వెళ్లే ముందు మార్చుకుంటే ఎలా ఉంటుందని ఉత్తరం చివర అడిగారు. కుదురుతుంది. ముందు స్ప్రాకెట్ ఎడమవైపు కవర్ విప్పితే అందుతుంది. ఒక పన్ను తేడాకు వెనుక చక్రం 3 మిల్లీమీటర్లు జరిగితే సరిపోతుంది. కానీ మార్చిన ప్రతిసారీ చైన్ బిగువు, చక్రం వరుస, బ్రేకు రాడ్ మూడూ మళ్లీ సరిచూడాలి. రెండు వారాలు ఓపికగా చేస్తారు, మూడో వారం నైట్ షిఫ్టు నుంచి వచ్చి నిద్రపోతారు. నాన్నగారు మళ్లీ 15తోనే కొండెక్కుతారు.

అసలు చిక్కు ఒక్క బండిని రెండు పనులకు వాడటంలో ఉంది. వేళలు కుదిరిన షిఫ్టులకైనా కంపెనీ బస్సెక్కితే వారానికి రెండు మూడు రోజులు బండికి విశ్రాంతి. కొన్నాళ్లకు మీ రోజువారీ ప్రయాణానికి వేరే బండి చూసుకోగలిగితే, దీన్ని నాన్నగారి కొండకే అమర్చి పెట్టవచ్చు. డబ్బుతో పని కాబట్టి తొందరేం లేదు.

ఏ లెక్క ఎంచుకున్నా మూడూ కలిపి మార్చండి. ముందు స్ప్రాకెట్, వెనుక స్ప్రాకెట్, చైన్. డబ్బాలో పాత 14 పళ్లది ఉందని రాశారు, దాన్ని కొత్త చైన్‌కు వేయకండి. ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. పళ్ల మొనలు ఒకవైపుకు అలల్లా వంగి ఉంటాయి. అలాంటి పళ్లు కొత్త చైన్‌ను కొన్ని వందల కిలోమీటర్లలోనే పాడుచేస్తాయి. ఇప్పుడు బండి మీదున్న చైన్‌ను కూడా విప్పాక కొలవండి. గట్టిగా లాగి పట్టుకుని, ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెట్టి 20 లింకుల తర్వాతి పిన్ను మధ్య దాకా స్కేలు పెట్టండి. కొత్తదైతే 254 మిల్లీమీటర్లు ఉండాలి. 259 దాటితే పని అయిపోయినట్టే. 11 వేల కిలోమీటర్లకే అంత సాగిందంటే సెట్టు నాసిరకమైనా అయ్యుండాలి, నూనె లేకుండా నడిచైనా ఉండాలి. మూత లోపల ఉన్న చైన్ కంటికి కనబడదు కాబట్టి మరిచిపోవడం సులభం. 500 కిలోమీటర్లకోసారి మూత మీది రబ్బరు బిళ్ల తీసి, చక్రం తిప్పుతూ గేరు నూనె వేయండి.

చైన్ లాకు పెట్టేటప్పుడు పక్కనే నిలబడండి. చేప ఆకారంలో ఉండే ఆ చిన్న క్లిప్పు మూసిన కొస చైన్ పరిగెత్తే వైపుకు, తెరిచిన కొస వెనక్కి ఉండాలి. తిరగేసి పెడితే ఏదైనా తగిలి ఊడిపోవచ్చు. హైవే మీద చైన్ ఊడి చక్రానికి చుట్టుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇక నాన్నగారికి ఎలా చెప్పాలన్నది. మాటలు ముందే కూర్చుకోకండి. ఆ పాత 14 పళ్ల స్ప్రాకెట్ తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టి, "నాన్నా, ఇది తీసేసి 15ది వేయించాను, మీకు చెప్పలేదు" అనండి. ఆయన కోప్పడవచ్చు, పడనివ్వండి. అమ్మగారు ఎండలో నడిచారు, ఆయన నలుగురిలో చిన్నబోయారు. ఆ కోపానికి కారణం ఉంది. కోపం తగ్గాక ఆ రోజు మలుపులో ఇంజన్ ఎలా మోగిందో అడగండి. అరిచిందా, గొంతు పట్టేసిందా, వణికి ఆగిందా? చెబుతారు. చెబుతూ చెబుతూ లేచి బండి దగ్గరికి వచ్చినా నాకు ఆశ్చర్యం లేదు.

తెలిశాక కూడా ఇక నడపనంటే అది ఆయన ఇష్టం. బలవంతపెట్టవద్దు. మానేస్తే నిజం తెలిసి మానేయాలి, అంతే. నడుపుతానంటే కొత్త సెట్టు వేయించే రోజు ఆయన్నీ వెంట తీసుకెళ్లండి. పళ్లు ఆయన్నే లెక్కపెట్టనివ్వండి. 39 ఉంచాలా, 40కి వెళ్లాలా అన్న మాట కూడా ఆయన నోటి నుంచే రానివ్వండి. కొత్త చైన్ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కొంత సాగుతుంది. అంతదాకా మీరు పరవాడ తిప్పి, బిగువు, బ్రేకు రాడ్ మరోసారి సరిచూసి ఇవ్వండి. మొదటిసారి కొండకు ఆయన ఒక్కరే ఎక్కి దిగమనండి. దిగేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా మూసి పొడవునా జారవద్దని గుర్తుచేయండి. ఈ ఇంజన్‌కు నూనె పెట్రోలుతోపాటే లోపలికి వెళ్తుంది, అప్పుడప్పుడూ కొంచెం తెరిస్తేనే అందుతుంది. ఆయనకు ఈ సంగతి మీ కంటే ముందే తెలిసి ఉంటుంది, అయినా చెప్పండి. ఆ మలుపు రెండో గేరులో దాటి వచ్చారంటే, తర్వాతి వారం అమ్మగారిని వెనుక ఎక్కించుకోవచ్చు.